బాటసారి వెనక మరుగుపడిన ఫ్రీడ్రిష్

ఈమధ్య మా మేనల్లుడు వాట్సాప్‌లో ఒక ఫ్లెక్సీ ఫొటో పంపించాడు. వ్యక్తిత్వ వికాస తరగతుల ప్రకటన అది. ఒక పక్కన నిర్వాహకుడి నిలువెత్తు బొమ్మ ఉంది. ఇంకో పక్కన నల్లటి బండ మీద చేతికర్ర ఆనించి, మనకు వీపు చూపిస్తూ, పొగమంచులో మునిగిన కొండలకేసి చూస్తున్న మనిషి ఉన్నాడు. విజయశిఖరాలను అందుకోదలచినవారు ఫోన్ చేయవలసిన నంబరు కింద ఉంది. "ఇది మీకిష్టమైన ఆ జర్మన్ ఆయన బొమ్మే కదా మామయ్యా?" అని వాడి ప్రశ్న. ఆయనదే. కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిష్ 1818 ప్రాంతంలో గీసిన 'పొగమంచు సముద్రం మీద బాటసారి' అది.

ఆ ఫ్లెక్సీ వేయించినవారి మీద నాకు కోపమేమీ లేదు. తత్త్వశాస్త్ర గ్రంథాల అట్టల మీదా, సంగీతం ఆల్బముల మీదా, ఫోన్ల తెరల మీదా ఆ వీపును చూసీ చూసీ అలవాటు పడిపోయాం. నా పేచీ ఇంకొకటి. ఆ ఒక్క చిత్రం ఫ్రీడ్రిష్‌కు పర్యాయపదమై కూర్చుంది. ప్రకృతిని జయించి దాని నెత్తిన నిలబడిన ఒంటరి వీరుణ్ణి గీసిన చిత్రకారుడిగా ఆయన లోకానికి తెలిశాడు. కానీ తక్కిన చిత్రాలను వరసగా చూసుకుంటూ పోతే ఆయన చేసిన పని దీనికి సరిగ్గా వ్యతిరేకమని నాకు అనిపిస్తుంది. మనిషిని చిన్నవాణ్ణి చేయడం, పక్కకు జరపడం, ఒక్కోసారి చిత్రంలోనుంచి పూర్తిగా తీసేయడం ఆయన పద్ధతి.

ఫ్రీడ్రిష్ రొమాంటిసిజం (కాల్పనికవాదం) అనే ఉద్యమానికి చెందిన చిత్రకారుడు. ఆ రొమాంటిసిజం మన దగ్గరికి కవిత్వంగానే వచ్చింది, చిత్రాలుగా రాలేదు. కాలేజీల్లో చదివిన ఇంగ్లీషు కవుల మీదుగా, ఆ తర్వాత భావకవుల మీదుగా అందింది కాబట్టి, ఆ మాట వినగానే మన కళ్ల ముందు మెదిలేది ఏకాంతంలో తన వేదనను తానే పాడుకునే 'నేను'. ఆ 'నేను'కు ఒక రూపం కావలసి వచ్చినప్పుడు బాటసారి వీపు చక్కగా సరిపోయింది. అందుకే ఫ్రీడ్రిష్‌ను తప్పుగా చదవడం తెలుగువాళ్లకు కొంచెం సులువు కూడానేమో.

ఖాళీ గది

ఫ్రీడ్రిష్ ఎలా పనిచేసేవాడో చూపించే చిత్రాలున్నాయి. ఆయన స్నేహితుడు గేయోర్గ్ ఫ్రీడ్రిష్ కెర్‌స్టింగ్ డ్రెస్డెన్‌లోని ఆయన పనిగదిని ఒకటికి రెండుసార్లు గీశాడు. 1811 నాటి చిత్రంలో గోడలు బోసిగా ఉంటాయి. ఒక ఈజిల్, ఒక కుర్చీ, గోడకు వేలాడుతున్న రెండు మూడు రంగుల పలకలు, ఒక టీ-స్క్వేర్ (తిన్నని గీతలు గీసే T ఆకారపు చెక్క), కొలబద్ద, దాదాపు అంతే. ఆ టీ-స్క్వేర్‌ను కాసేపు చూడండి. అడవులూ సముద్రాలూ గీసేవాడి గోడకు మేస్త్రీ సామాను ఎందుకు? కిటికీ కింది సగం మూసి ఉంటుంది, పైసగంలోనుంచి మాత్రమే వెలుతురు వస్తుంది. అంటే ప్రకృతి చిత్రకారుడు పనికి కూర్చున్నప్పుడు బయటి ప్రకృతి కనబడకుండా ఏర్పాటు చేసుకున్నాడన్నమాట. రంగుల డబ్బాలనూ నూనె సీసాలనూ సైతం పక్కగదికి పంపించేవాడనీ, కళ్ల ముందు వస్తువులుంటే లోపలి చిత్రం చెదిరిపోతుందని ఆయన నమ్మకమనీ, ఆ ఇంటికి చిన్నప్పుడు వెళ్లివచ్చే విల్‌హెల్మ్ ఫాన్ క్యూగెల్గెన్ తన జ్ఞాపకాల్లో రాశాడు.

బయట తిరగలేదని కాదు. పుట్టిన ఊరు గ్రైఫ్స్‌వాల్డ్ పరిసరాలు, ర్యూగెన్ ద్వీపం, ఎల్బే నది ఒడ్డున ఉన్న ఇసుకరాతి కొండలు, వీటన్నిటా కాలినడకన తిరిగి పెన్సిల్‌తో ఒక్కొక్క రాతినీ ఒక్కొక్క ఫర్ చెట్టునూ తేదీ వేసి మరీ గీసుకున్నాడు. తరవాత గదిలో కూర్చుని, ఒక చోటి రాయిని ఇంకో చోటి కొండ ముందు పెట్టి చిత్రాన్ని కూర్చేవాడు. బాటసారి నిలబడిన బండ ఐదేళ్ల ముందు, 1813 జూన్‌లో గీసుకున్నది. చుట్టూ ఉన్న శిఖరాలు వేరువేరు చోట్లనుంచి వచ్చినవి. ఆ దృశ్యం మొత్తం కనబడే చోటు భూమి మీద ఎక్కడా లేదు. ఎవరూ ఎక్కని శిఖరాన్ని విజయచిహ్నంగా ఫ్లెక్సీకి ఎక్కించారని అప్పుడప్పుడు నవ్వొస్తుంది.

ఎల్డెనా మఠం శిథిలాల సంగతి ఇంకా విచిత్రం. అవి ఆయన పుట్టిన ఊరి పక్కన, బాల్టిక్ తీరపు చదును నేల మీద ఉన్నాయి. ఒక చిత్రంలో వాటిని ఎత్తుకుపోయి రీజెన్‌గెబిర్గె పర్వతాల ముందు నిలబెట్టాడు. ఇంకోచోట, నిక్షేపంగా నిలిచి ఉన్న గ్రైఫ్స్‌వాల్డ్ యాకోబీ చర్చిని శిథిలంగా ఊహించి గీశాడు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది నాకూ ఉంది. అదే కాలంలో ఇంగ్లండులో జాన్ కాన్‌స్టబుల్ 1821, 1822లలో హాంప్‌స్టెడ్ మైదానంలో ఆరుబయట కూర్చుని మబ్బులను గీశాడు. ఏ రోజు, ఏ వేళ, గాలి ఎటునుంచి వీస్తోంది అన్నది ఆ బొమ్మల వెనక రాసిపెట్టాడు. ఆ మబ్బులను చూస్తే ముఖానికి తడిగాలి తగులుతుంది. దాని పక్కన కిటికీ సగం మూసుకుని కొండలను అతికించే ఫ్రీడ్రిష్ పద్ధతి బూటకంగా కనబడదా? 1816లో జర్మన్ మహాకవి గోథే తరఫువారు, మబ్బులను కొత్త శాస్త్రీయ వర్గీకరణ ప్రకారం గీసిపెట్టమని అడిగితే ఫ్రీడ్రిష్ ఒప్పుకోలేదు. మబ్బులను అలా గదుల్లో సర్దితే ప్రకృతి చిత్రణే చచ్చిపోతుందని ఆయన భయం. కాన్‌స్టబుల్ అభిమానిగా నాకు ఈ మొండితనం చాలాకాలం మింగుడుపడలేదు. ఇప్పటికీ పూర్తిగా పడిందని చెప్పలేను. అయితే ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. కాన్‌స్టబుల్ మబ్బు ఆ మధ్యాహ్నం హాంప్‌స్టెడ్‌లో ఉన్న కాన్‌స్టబుల్ చూసిన మబ్బు. ఫ్రీడ్రిష్ ఆకాశంలో 'నేను అక్కడ ఉన్నాను, నేను చూశాను' అనే సాక్ష్యం లేదు. తన లోపల ఏమీ కనబడని చిత్రకారుడు ఎదురుగా ఉన్నదాన్ని గీయడం కూడా మానుకోవాలని ఆయన రాసుకున్నాడు. లోపలికి చూడమన్న మనిషే తన ఉనికిని చిత్రంలోనుంచి ఇంతగా చెరిపేసుకోవడం నాకు ఆసక్తికరంగా ఉంటుంది.

తీసివేసిన ఓడలు

'సముద్రతీరంలో సన్యాసి' బెర్లిన్‌లోని ఆల్టె నాట్సియోనాల్‌గాలరీలో ఉంది. 1808 నుంచి 1810 వరకు దాని మీద పనిచేశాడు. వెడల్పు 171 సెంటీమీటర్లకు కొంచెం పైగా, ఎత్తు 110 సెంటీమీటర్లు. కింద పాలిపోయిన ఇసుకమేట, దాని మీద సన్నగా నల్లటి సముద్రం, ఆ పైన చిత్రంలో ముప్పాతిక భాగానికి మించి ఆకాశం. ఇసుక మీద వేలెడంత సన్యాసి. పరారుణ కిరణాలతో పరీక్షిస్తే ముందు వేసి తరవాత కప్పేసిన ఓడలు కనిపించాయి. ఓడలుంటే చిత్రం సుఖంగా ఉండేది. సన్యాసి ఓడలను చూస్తున్నాడని మనం ఒక కథ అల్లుకునేవాళ్లం. కథకు ఆసరా అయ్యేదాన్ని ఆయన చేజేతులా తీసేశాడు.

నేను ఆ చిత్రం ముందు నిలబడ్డప్పుడు అచ్చుబొమ్మల్లో ఎప్పుడూ దొరకని రెండు సంగతులు కనబడ్డాయి. ఒకటి, నల్లటి నీటి మీద కుంచె మొనతో అక్కడక్కడ తాకించిన తెల్లటి నురగలు, వాటి పైన అంతే తెల్లగా, అంతే చిన్నగా ఎగిరే సముద్రపక్షులు. ఏది నురగో ఏది పక్షో తేలడానికి కొంతసేపు పట్టింది. రెండోది, ఇసుక నుంచి నీటి దగ్గరికి దిగే దారి లేకపోవడం. మామూలు ప్రకృతి చిత్రాల్లో కంటికి ఒక బాట ఉంటుంది, ఒక చెట్టు పక్కనుంచి, ఒక వాగు వెంబడి మనల్ని లోపలికి తీసుకుపోతుంది. ఇక్కడ అటువంటి మర్యాద ఏమీ జరగదు. చూసేవాడు గుమ్మం దగ్గరే ఆగిపోతాడు.

పూర్తి కాకముందే దాన్ని చూసిన, మరో చిత్రకారుడి భార్య హెలెనె మారీ ఫాన్ క్యూగెల్గెన్ 1809లో తన స్నేహితురాలికి రాసిన ఉత్తరంలో ఇదే బాధ ఉంది. ఈ ఆకాశంలో సూర్యుడు లేడు, చంద్రుడు లేడు, తుపాను కూడా లేదు, కనీసం ఉరుములూ మెరుపులూ ఉన్నా ఊరటగా ఉండేది కదా అని ఆమె వాపోయింది. మరుసటి ఏడాది బెర్లిన్ ప్రదర్శన తరవాత జర్మన్ రచయిత క్లైస్ట్ రాసిన మాట అందరికీ తెలిసిందే: కనురెప్పలు కోసేసినట్టుంది, అని. పండితులు క్లైస్ట్ మాటనే పదేపదే ఎత్తి చూపుతారు గానీ, నాకు హెలెనె ఉత్తరమే చిత్రానికి దగ్గరగా తోస్తుంది. ఆమె చిత్రాన్ని మెచ్చుకోవడానికి ప్రయత్నించలేదు. అందులో ఏమేమి లేవో లెక్కపెట్టింది. ఫ్రీడ్రిష్ రెండేళ్లపాటు చేసిన పని కూడా అదే.

ఈ చిత్రాన్ని, దానితోపాటు ప్రదర్శించిన 'ఓక్ అడవిలో మఠం' చిత్రాన్ని ప్రష్యా రాజు కొన్నాడు. ఇంత శూన్యాన్ని రాజులు డబ్బిచ్చి కొన్న కాలం ఒకటి ఉండేదన్నది వేరే వ్యాసానికి తగిన విషయం.

చిన్నతనం వినయమేనా?

ఇంతవరకు చెప్పినదంతా విని, మనిషిని చిన్నగా గీశాడు కాబట్టి ఫ్రీడ్రిష్ వినయశీలి అని ఎవరైనా తేల్చేస్తే నేను ఒప్పుకోలేను. నా వాదానికి ఎదురుతిరిగే చిత్రం ఒకటుంది. 1814లో ప్రదర్శించిన 'అడవిలో ఫ్రెంచి సైనికుడు' అది. నెపోలియన్ సేన వెనుదిరుగుతున్న రోజులవి. మంచు కప్పిన ఫర్ చెట్ల గోడ ముందు గుర్రం లేని ఒక సైనికుడు ఒంటరిగా, చిన్నగా నిలబడి ఉంటాడు. ముందున్న మొద్దు మీద ఒక కాకి. అడవి అతన్ని మింగబోతోంది, మింగాలనే చిత్రకారుడి కోరిక. ఇక్కడ మనిషిని చిన్నవాణ్ణి చేసింది భక్తి కాదు, పగ. పైగా ఆ చెట్లు జర్మన్ చెట్లు.

ఫ్రీడ్రిష్ దేశాభిమానం నిప్పులాంటిది. ఆ సంవత్సరమే జాతీయవాద రచయిత ఆర్న్‌ట్‌కు రాసిన ఉత్తరంలో, మనం రాజులకు బంట్లుగా ఉన్నంతకాలం ప్రజావీరులకు గొప్ప స్మారకాలు లేవవని కుండబద్దలు కొట్టాడు. ఆయన బొమ్మల్లో మనుషులు తొడుక్కునే పాతకాలపు జర్మన్ దుస్తులు స్వేచ్ఛ కోరే విద్యార్థుల వేషం. అటువంటి ఉద్యమాలను అణచడానికి జర్మన్ రాజ్యాలు తెచ్చిన 1819 కార్ల్స్‌బాడ్ ఉత్తరువుల తరవాత అది అధికారుల కంట్లో నేరమైంది. 'చంద్రుణ్ణి చూస్తున్న ఇద్దరు మనుషులు' చిత్రాన్ని చూడవచ్చినవారితో, వీళ్లిద్దరూ రాజద్రోహపు కుట్ర పన్నుతున్నారులెండి అని ఆయన వేళాకోళం ఆడినట్టు చెబుతారు. ఈ పక్క చూస్తే ఫ్రీడ్రిష్ ప్రజాస్వామ్యవాది. ఫ్రెంచి సైనికుడి పక్క చూస్తే పరదేశి ద్వేషి. రెండూ ఒకే మనిషి, ఒకే దశాబ్దం.

తరువాత జరిగింది తెలిసిందే. 1906 బెర్లిన్ శతాబ్ది ప్రదర్శనలో 32 చిత్రాలతో మళ్లీ వెలుగులోకి వచ్చిన ఫ్రీడ్రిష్‌ను, ముప్పైల నాటికి నాజీలు ఉత్తరజాతి ఆత్మకు ప్రతినిధిగా భుజాన వేసుకున్నారు. ఆ మరక వల్ల యుద్ధం తరువాత కొంతకాలం ఆయన పేరెత్తడానికే జనం జంకారు. 1972లో లండన్ టేట్ గాలరీలో, 1974లో హాంబర్గ్‌లో జరిగిన ప్రదర్శనలతో గాని ఆ జంకు తీరలేదు. చనిపోయి వందేళ్లయిన చిత్రకారుడికి వాళ్ల పాపం అంటగట్టడం అన్యాయమని అభిమానులు అంటారు. అన్యాయమే. కానీ ఆ సైనికుడి చిత్రాన్ని వాళ్లు దొంగతనంగా తిప్పి చదవలేదు, ఉన్నది ఉన్నట్టే చదువుకున్నారు. ఆయన్ని పూర్తిగా కడిగి పక్కన పెట్టే ప్రయత్నం మన సౌకర్యం కోసం చేసేదే.

మంచు కింద తమ్ముడు

ఫ్రీడ్రిష్ జీవితం చెప్పేవారెవరూ వదలని సంఘటన ఒకటుంది. కొవ్వొత్తులూ సబ్బులూ తయారుచేసే వ్యాపారి ఇంట పదిమంది పిల్లల్లో ఆరోవాడు. ఏడేళ్లకు తల్లి పోయింది. పదమూడేళ్లప్పుడు, 1787లో, మంచు పగిలి తమ్ముడు నీళ్లలో మునిగి చనిపోయాడు. అన్నను కాపాడబోయే తమ్ముడు మునిగాడని కూడా అంటారు. దాంతో ఆయన గీసిన ప్రతి పొగమంచులోనూ, ప్రతి సమాధిలోనూ ఆ తమ్ముణ్ణి వెతకడం అలవాటైపోయింది.

ఈ రకం వ్యాఖ్యానం మీద నాకు నమ్మకం తక్కువ. 'మంచు సముద్రం' చిత్రాన్నే తీసుకుందాం. 1823, 1824లలో గీసినది. గోపురంలా పైకి లేచిన మంచుపలకల కుప్ప, కుడిపక్కన వాటి కింద నలిగిపోయిన ఓడ వెనుకభాగం. ఓడ ఉందని చెబితే తప్ప చాలామంది గమనించరు. తమ్ముడి మరణమే ఇందులో ఉందని చెప్పేస్తే పని తేలిక. కానీ రెండు మూడేళ్ల ముందు చలికాలంలో ఎల్బే గడ్డకట్టినప్పుడు ఆయన ఒడ్డుకు వెళ్లి మంచుపలకలను రంగులతో గీసుకున్నాడు. ఆ పసుపు, గోధుమరంగు అంచులు ఆ నదీ మంచువి. ఉత్తరధ్రువ యాత్రల కథలు అప్పుడు పత్రికల నిండా ఉండేవి. శోకం ఉంటే ఉండవచ్చు, దాన్ని కాదనడానికి నేనెవర్ని? కానీ ఆ చిత్రంలోని క్రూరత్వం మనిషిని లెక్కచేయని పదార్థానిది. దాన్ని ఇంటి విషాదంగా కుదిస్తే మళ్లీ చిత్రం మధ్యకు మనిషినే తెచ్చి నిలబెట్టినవాళ్లమవుతాం.

ఆ చిత్రం ఆయన బతికుండగా అమ్ముడుపోలేదు. చనిపోయాక మిగిలిన సామానులోనుంచి నార్వే చిత్రకారుడు దాల్ కొనుక్కున్నాడు. ఆయనా కుటుంబంతో ఫ్రీడ్రిష్ ఉన్న ఇంట్లోనే పైవాటాలో ఉండేవాడు. 1824లో డ్రెస్డెన్ అకాడమీలో ప్రకృతి చిత్రణ ఆచార్యపదవి ఖాళీ అయినప్పుడు ఫ్రీడ్రిష్‌కు ఆ పీఠం ఇవ్వకుండా పేరుకొక అదనపు ఆచార్యత్వం ఇచ్చి సరిపెట్టారు. అభిరుచులు మారాయి, కొనేవాళ్లు తగ్గారు. రష్యన్ కవి జుకోవ్‌స్కీ తమ రాజకుటుంబం చేత కొనిపించినవే ఆ కష్టకాలంలో పెద్ద ఆదరువు. అందుకే ఈనాటికీ రష్యాలోని హెర్మిటాజ్ మ్యూజియంలో ఫ్రీడ్రిష్‌లు ఉన్నాయి. 1835లో పక్షవాతం వచ్చింది. 1840 మే 7న పోయాడు.

బాటసారికి న్యాయం

ఎంత విసుక్కున్నా, బాటసారి చిత్రంలో ఆ వీరుడు లేనే లేడని నేను వాదించలేను. ఫ్రీడ్రిష్ మిగతా చిత్రాల్లో చాలావాటిలో వీపు చూపించే మనుషులు పక్కగానో, జంటగానో, చిన్నగానో ఉంటారు, వారు చూస్తున్నది మనకూ కనబడుతుంది. ఇక్కడ చిత్రం నిలువుగా ఉంది, మనిషి నట్టనడుమ ఉన్నాడు, రెండు పక్కల కొండల వాలు గీతలు తిన్నగా వచ్చి అతని గుండె దగ్గర కలుస్తాయి. చూడవలసినదాన్ని అతని శరీరమే అడ్డుకుంటుంది. ఫ్లెక్సీవాళ్లు ఆ కొలతలను సరిగానే పట్టుకున్నారు. అది చనిపోయిన ఒక అటవీశాఖ ఉన్నతాధికారి స్మారకచిత్రమై ఉండవచ్చునని కొందరు పండితుల ఊహ. అది నిజమైతే ఆ నట్టనడుమ నిలబడడానికి ఒక కారణం దొరుకుతుంది. నిజం కాకపోయినా, ఇది ఆయన దారిలో మినహాయింపు అన్న నా లెక్క మారదు. 1970లో హాంబర్గ్ కున్‌స్ట్‌హాలె మ్యూజియం కొనేవరకు ప్రైవేటు చేతుల్లో ఉన్న చిత్రం, యాభై ఏళ్లలో మిగతావాటినన్నిటినీ వెనక్కి నెట్టేసింది.

ఆ వీపు లేకపోతే జనం ఫ్రీడ్రిష్ దగ్గరికి వచ్చేవారా అని ఒక మిత్రుడు నిలదీశాడు. 250వ జయంతికి హాంబర్గ్ ప్రదర్శన మూడు లక్షలమందికి పైగా చూశారు. 2025లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకూ బాటసారి సముద్రం దాటి వెళ్లాడు. వాళ్లలో చాలామంది అతని కోసమే వచ్చారనడంలో సందేహం లేదు, మా మేనల్లుడూ రేపు వెళితే అందుకే వెళతాడు. ఈ ప్రశ్నకు నా దగ్గర గట్టి జవాబు లేదు. చేతనైనది ఇంకో చిత్రం పేరు చెప్పడమే.

డ్రెస్డెన్ ఆల్బెర్టీనుమ్ మ్యూజియంలో 1832 ప్రాంతపు 'ఓస్ట్రా మైదానం' చిత్రం ఉంది. దాన్ని 'పెద్ద మైదానం' అనవచ్చు. పక్షవాతం రావడానికి మూడేళ్ల ముందు గీసినది. ఊరి పక్కన ఎల్బే వెనక్కి తీశాక మిగిలిన బురద, నీటిగుంటలు, వాటి వెనక చెట్ల వరస, పైన సాయంకాలపు పసుపు ఆకాశం. ముందున్న నీటిగుంటలు గోళం మీద ఉన్నట్టు వంగి ఉంటాయి. ఆకాశం అటునుంచి ఎదురు వంపు తిరుగుతుంది. ఒక తెరచాప పడవ ఉంది గానీ, దాన్ని నడిపేవాడు లెక్కలోకి రాడు. చూసేవాడికి నిలబడే చోటంటూ లేదు, బురద మీద కొంత ఎత్తులో ఎక్కడో తేలుతున్నట్టుంటుంది. బాటసారి కోసం హాంబర్గ్ దాకా వెళ్లగలిగినవారికి డ్రెస్డెన్ రైల్లో నాలుగైదు గంటల ప్రయాణం. అక్కడికి వెళ్లి, ఆ చిత్రంలో తమ కాళ్లు ఎక్కడ ఆనతాయో వెతుక్కుని వచ్చి నాకు చెప్పాలని కోరిక.